ఆన్ అయ్యేదాకా

భూపాలపల్లిలో నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పింఛను దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు, అన్నీ నా కౌంటర్ మీద నుంచే పోతాయి. వచ్చిన ప్రతివాళ్లూ ఫోను నా చేతిలో పెట్టి, నేను అడగకముందే పిన్ నంబరు గట్టిగా చదువుతారు. వెనుక లైన్లో పదిమంది నిలబడి ఉంటారు, వాళ్లకూ వినిపిస్తుంది. మొదట్లో మెల్లగా చెప్పమనేవాణ్ణి. "మనోళ్లే గద" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పోయిన ఏడు ఒకాయన అకౌంటు ఊడ్చుకుపోయింది ఆయన సొంత తోడల్లుడే. అది చెప్పినా వినరు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చి మానేశాను.

నేను చెప్పి చెప్పి అలసిపోయిన వాళ్లలో మొదటి మనిషి మా మేనత్త గోరీ. బయ్యారం దగ్గర తండాలో ఉంటుంది. మేము ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. దానికి లిపి లేదు కాబట్టి అత్త మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. చదువుకునేటప్పుడు తెలుగు మాస్టర్లు నన్ను ఇంతకంటే ఎక్కువే అవస్థ పెట్టారు, ఈ మాత్రం నాకు కష్టం కాదు.

అత్త తండాలో మహిళా సంఘం లీడర్. సంఘంలో నలభై రెండు మంది ఆడవాళ్లు. సగం మందికి సొంత ఫోను లేదు, అందుకని వాళ్ల బ్యాంకు ఖాతాలకు అత్త నంబరే ఇచ్చారు. బ్యాంకు నుంచి ఏ ఓటీపీ వచ్చినా అత్త ఫోనుకే వస్తుంది. నలభై రెండు మంది ఆధార్ కార్డులు, పాసుబుక్కు మొదటి పేజీలు, ఏటీఎం కార్డులు, అన్నీ ఫొటోలు తీసి అందులోనే పెట్టింది. బ్యాంకులో నెలకొక సారు మారతాడు, మారినప్పుడల్లా "ఇంకోసారి వాట్సాప్ చెయ్యమ్మా" అంటాడు. మళ్లీ మళ్లీ ఇంటింటికీ ఎవరు తిరుగుతారని ఆమె వాదన.

ఆ ఫోనుకు పిన్ నేనే పెట్టాను. సంఘం మొదలుపెట్టిన తేదీ, నాలుగు అంకెలు. మర్నాటికల్లా ఆ నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాయించి, ఫోను వెనుక పారదర్శకమైన కవరు లోపల పెట్టుకుంది. ఎందుకంటే అత్త పొద్దున్నే మిర్చి ఏరడానికి పోతుంది. ఫోను ఇంటి గోడ మీద ఛార్జింగులో ఉంటుంది. దవాఖాన నుంచి నర్సమ్మ ఫోను చేసినా, బ్యాంకు వాళ్లు చేసినా, దగ్గరున్న వాళ్లెవరైనా తీసి చూసి జవాబు చెప్పాలి. తండాలో మోగుతున్న ఫోను దగ్గరున్న మనిషిది. అంతటితో అయిపోలేదు. మరిచిపోకుండా ఉంటుందని సంఘం మొత్తం అవే నాలుగు అంకెలు పెట్టుకున్నారు, ఫోన్లకూ, ఏటీఎం కార్డులకూ. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అంటారు. మా వాళ్లు గొళ్లెం మరవలేదు, తాళానికే తాళంచెవిని కట్టి వేలాడదీశారు.

ఆ ఫోనులో ఇంకొకటి ఉంది. మా మామ అమర్‌సింగ్ గొంతు.

మామ ఇక్కడే భూపాలపల్లిలో, ఓపెన్‌కాస్ట్ గనిలో ఒక కాంట్రాక్టరు కింద టిప్పర్ తోలేవాడు. ఆరేళ్లు ఇక్కడ గదిలో ఉన్నాడు, అత్త తండాలో ఉంది. వాళ్లకు పిల్లలు లేరు. మామకు చదువు రాదు. అత్త అంకెలు, పేర్లు కూడబలుక్కుని చదువుతుంది. అందుకని వాళ్ల కాపురం ఆరేళ్లూ వాయిస్ మెసేజ్‌ల మీదే నడిచింది. డ్యూటీ ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి. ఒక్కదాంట్లోనూ ముద్దు మాట లేదు. మేక తప్పిపోతే తిట్టు, మోటరు ఆపడం మరిచిపోతే తిట్టు, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో ఒక కబురు. రెండేళ్ల కింద సెలవు మీద బండి వేసుకుని తండాకు పోతూ లారీ కింద పడ్డాడు. ఆయన ఫోను కూడా ఆ రోడ్డు మీదే నలిగిపోయింది. అత్త ఫోనులో ఉన్నవి మాత్రం మిగిలాయి. పొయ్యి ముట్టించేటప్పుడు రోజుకొకటి పెట్టుకుని వింటుంది. తిట్టు ఉన్నవే ఎక్కువ వింటుంది.

అవి ఇంకెక్కడా లేవు. మొదట్లో నేను బ్యాకప్ పెట్టాను. పొద్దున పదింటికల్లా నెట్ బ్యాలెన్సు అయిపోతోందని ఎవరితోనో చెప్పి తీయించేసింది. "నీ దగ్గరికి వచ్చినప్పుడు కంప్యూటర్ల ఎక్కిచ్చుకుంట" అంది. ఎప్పుడొస్తావంటే మిర్చి అయిపోయినంక అంది. రెండు పంటలు అయిపోయాయి. ఈ మార్చిలో జనగామలో సంఘం లీడర్లకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. అక్కడి నుంచి ఇటే వస్తాను, మీ మామవన్నీ తీసి పెట్టు అని నాలుగు రోజుల ముందే ఫోను చేసింది. నేను సరేనని ఒక పెన్‌డ్రైవ్ కొని సొరుగులో పెట్టాను.

ఆ ట్రైనింగు దేని మీదో తెలిస్తే నవ్వొస్తుంది. ప్రయాణాల్లో ఫోను ఎలా కాపాడుకోవాలి, మన వివరాలు ఎలా దాచుకోవాలి అన్నదాని మీద. చైతన్య అనే మేడం చెప్పిందట. బస్సు ఎక్కేముందు ఫోను లోపలి జేబులో పెట్టుకోవాలి, అవసరం లేని ఫొటోలు తీసేయాలి, ఉంచుకునేవి ఇంకోచోట కాపీ చేసుకోవాలి, పిన్ ఎక్కడా రాయకూడదు. ఆ చివరి మాట దగ్గర మా అత్త లేచి నిలబడింది. "మేడం, నేను చేన్ల ఉన్నప్పుడు నర్సమ్మ ఫోన్ జేస్తే ఎవరు తీస్తరు? నువ్వొచ్చి తీస్తవా?" అంది. అరవై మంది లీడర్లు చప్పట్లు కొట్టారు. మేడం నీళ్లు తాగిందట. ఇదంతా అత్తే తర్వాత నాకు చెప్పింది. చెప్పేటప్పుడు కూడా గెలిచినదాని గొంతే.

రెండో రోజు మధ్యాహ్నం జనగామ బస్టాండులో హనుమకొండ బస్సు ఎక్కింది. అక్కడ దిగి భూపాలపల్లి బస్సు మారాలి. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు గాని ఆధార్ చూపించాలి. అత్త ఫోనులో ఫొటో చూపించింది.

"ఒరిజినల్ చూపియ్యి అక్కా, ఫోన్ల ఫొటో నడువది" అన్నాడు కండక్టర్.

ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురున్నారు. అత్త ఫోను ఒళ్లో పెట్టుకుని, గుడ్డ సంచి మొత్తం తోడి, అడుగు నుంచి కార్డు బయటికి తీసింది. కార్డు చూపించింది, జీరో టికెట్టు తీసుకుంది, సంచి సర్దుకుంది, నిద్రపోయింది. హనుమకొండలో దిగాక ఫోను లేదు. వెనక్కి ఉరికేసరికి బస్సు వెళ్లిపోయింది. అక్కడి పోలీసుల దగ్గరికి పోలేదు, తండాకూ పోలేదు. భూపాలపల్లి బస్సు ఎక్కి నా దగ్గరికి వచ్చింది. నా దగ్గర కంప్యూటర్ ఉంది కాబట్టి ఫోను దొరుకుతుందని ఆమె నమ్మకం.

నాలుగింటికి వచ్చింది. వచ్చి లైన్లో నిలబడింది. ముందున్న ముగ్గురి పనీ అయ్యాక కౌంటర్ దగ్గరికి వచ్చి, "ఫోన్ పోయింది దినేశూ" అంది.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. ఆమె నంబరుకు ఫోను చేశాను. స్విచాఫ్.

"ఛార్జింగ్ ఎంతుండె?"

"ఏముండె. హాల్ల ప్లగ్గు ఒక్కటే, అరవై మందిమి."

ఆ ఫోనులో ఆమె మెయిల్ ఖాతా తెరిచింది నేనే కాబట్టి పాస్‌వర్డ్ నాకు తెలుసు. కంప్యూటర్లో ఆ ఫోను పేజీ తీశాను. చివరిసారి కనిపించింది జనగామ బస్టాండులో. అక్కడి నుంచి ఏమీ లేదు. ఫోను ఎక్కడున్నా ఇక్కడి నుంచే లాక్ చేయొచ్చు, కానీ పిన్ ఉన్న ఫోనుకు ఆ పినే తాళం. ఆ పిన్ వెనుక చీటీ మీద ఉంది.

"మరెట్ల?" అంది అత్త.

"మొత్తం తుడిచెయ్యొచ్చు. ఈడికెల్లే."

"మొత్తమంటే?"

"మొత్తమే అత్తా."

"ఆధార్లు, పాసుబుక్కులు తుడువు. మీ మామయి ఉంచు."

"అట్ల ఏరి తుడిచేది లేదు."

అత్త కంప్యూటర్ వంక చూసింది, నా వంక చూసింది. నేను అబద్ధం చెబుతున్నానేమోనని చూసినట్టుంది. నేను సంగతంతా విడమరిచి చెప్పాను. ఫోను తీసినవాడు ఛార్జింగు పెడతాడు. చీటీ చూస్తాడు, తెరుస్తాడు. నలభై రెండు ఆధార్లు, నలభై రెండు ఖాతాలు, సగం మందికి ఓటీపీలు వచ్చేది కూడా ఆ ఫోనుకే, అందరి పిన్నూ ఒక్కటే. సిమ్ము బంద్ చేయిస్తే ఓటీపీలు ఆగుతాయి గాని, అప్పుడు తుడవమని మనం పంపే ఆర్డరు కూడా ఫోనుకు చేరదు, లోపలున్న కాగితాలన్నీ వాడి చేతిలోనే ఉంటాయి. కాబట్టి ముందు తుడవాలి, తర్వాత సిమ్ము బంద్ చేయాలి. ఇదే సరైన పద్ధతి. ఇప్పటికీ ఎవరడిగినా ఇదే చెబుతాను.

"పొద్దుగాల దాంక ఆగరాదు?"

"ఆన్ చేస్తే పది నిమిషాలు సాలు అత్తా వానికి."

"మంచోళ్లకు దొరికితే?"

"మంచోళ్లు ఫోన్ బంద్ పెట్టుకొని కూసోరు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకు గుర్తుంది.

అత్త లేచి బయట బెంచీ మీద కూర్చుంది. నేను ఇద్దరి కరెంటు బిల్లులు కట్టాను, ఒక పిల్లకు కుల సర్టిఫికెట్టు దరఖాస్తు పెట్టాను. మధ్యలో తలెత్తి చూస్తే అత్త వేళ్ల కణుపులు లెక్కపెడుతోంది. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే తెలిసింది, సంఘంలో ఆడవాళ్ల పేర్లు. సక్రి, కేవ్లీ, లచ్చి, ధర్మీ, ఇలా ఒక్కొక్కరే. ఎక్కడో ఒక పేరు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది.

"కేవ్లీ ఇయ్యనన్నది దినేశూ" అంది. "నా కార్డు నీ ఫోన్ల ఎందుకు, నా ఇంట్లనే ఉంటదన్నది. నేనే తిట్టి తీసుకున్న. నా మీద నమ్మకం లేదా అన్న."

నమ్మకం గురించి మాట్లాడే హక్కు నాకూ లేదు. నా సొరుగులో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, మూడు వందల మంది పాస్‌వర్డులు అందులో నా చేతిరాతతోనే ఉన్నాయి. మరిచిపోతాం, నువ్వే రాసిపెట్టు అంటే రాసిపెట్టాను.

"మీ మామ పోయి రెండేండ్లాయె" అంది అత్త. "వీళ్లు బతికున్నోళ్లు. నొక్కు."

నొక్కాను. ఖాయమేనా అని కంప్యూటర్ ఇంకోసారి అడిగింది. అత్త వంక చూశాను. ఆమె స్క్రీను వంక చూడకుండా రోడ్డు వంక చూస్తోంది. రెండోసారి కూడా నొక్కాను. ఫోను ఇప్పుడు ఆఫ్‌లో ఉంది, ఆన్ అయి నెట్‌వర్కు అందగానే మొత్తం చెరిగిపోతుంది అని వచ్చింది. ఆమెకు చదివి వినిపించాను.

"అంటే ఇంకా ఉన్నయా?"

"ఆన్ అయ్యేదాంక ఉంటయి."

అత్త ముఖంలో వెలుగు వచ్చింది. అప్పటిదాకా ఫోను దొరకాలని కోరుకున్న మనిషి, ఆ నిమిషం నుంచి దొరకొద్దని కోరుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి నడుస్తూ, "తీసినోడు భయపడి ఏ బాయిలనో పారేస్తే మంచిగుండు" అంది. నీళ్లలో పడితే ఫోను ఎలాగూ పాడవుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఫోను ఎక్కడో ఒకచోట ఉంటే చాలని, లోపల మామ ఉంటే చాలని ఆమె లెక్క. మా అమ్మ జొన్నరొట్టెలు చేసింది. అత్త రెండు రొట్టెలు తిని, తొందరగా పడుకుంది.

మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరం సెంటర్ తెరిచాం. కంప్యూటర్ పెట్టగానే ముందు ఆ పేజీ తీశాను. అప్పటికి ఏమీ లేదు. అత్త చీపురు తీసుకుని నేను వద్దంటున్నా గది ఊడ్చింది. తొమ్మిదీ ఇరవైకి ఇంకోసారి చూశాను. తుడవడం పూర్తయింది అని ఉంది. ఆ రెండు ముక్కలే. నేను ఆ పేజీ మూసేసి, పింఛను పేజీ తెరిచి, ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను. అత్త నా వంక చూసింది.

"పోయినయా?"

"పోయినయి."

"అన్నీ?"

"అన్నీ అత్తా."

అత్త చీపురు మూలకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. నాకు పట్టలేని కోపం వచ్చింది, ఆ దొంగ మీద, చీటీ మీద, చప్పట్లు కొట్టిన అరవై మంది మీద. సిమ్ము బంద్ చేయించే ముందు ఆ దొంగను ఒక్కసారైనా తిట్టాలనుకుని ఆమె నంబరుకు ఫోను కలిపాను. తిట్లన్నీ నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. మోగింది.

"హలో, కౌన్? ఎవరు బేటా?"

ముసలామె గొంతు. నా నోట్లో తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. ఇది మా అత్త నంబరు అన్నాను. ఆమె ఎంత సంబరపడిందంటే ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. స్పీకరు పెట్టాను. ఆమె పేరు మరియం బీ, జనగామ. నిన్న అత్త పక్క సీట్లో కూర్చున్నది ఆమే.

"కండ్ల దవాఖానకు పోయిన బేటా హనుమకొండకు. కండ్లల మందేసిండ్రు, పొద్దుమూకే దాంక ఏం కనవడలే. ఇయ్యాల పొద్దుగాల మందుల చీటీల కోసం సంచి దులిపితే ఫోన్ పడ్డది. ఆ లంబాడామెదే, కార్డు దేవులాడుకుంట ఒళ్లె పెట్టింది గద అని యాదికొచ్చింది. పాపం ఎంత పరేషాన్ అయితుందో అని మా మనుమరాలు అఫ్రీన్ తోని ఛార్జింగ్ పెట్టిపిచ్చిన. బేటీ ఉన్నదా ఆడ?"

"ఉన్న అమ్మా" అంది అత్త, నా చేతిలోంచి ఫోను తీసుకుని.

"బేటీ, ఖఫా గాకు, కోపం జెయ్యకు. ఎన్క కాయితం మీద నంబర్ ఉంటే అది కొట్టి తెరిచినం. మీ ఇంటోళ్లకు చెప్దామని. వాట్సాప్‌ల అన్నిట్ల పైన ఒక మొగాయన ఫొటో ఉండె. ఆయనకు చేస్తే కలుస్తలేదు. కింద ఏందో నొక్కితే ఆయన మాట్లాడిండు. మాట్లాడుతుండంగనే ఫోన్ బంద్ అయిపాయె. మళ్ల మొదలయి మొత్తం తెల్లగయింది, ఏ భాష కావాలె అని అడుగుతున్నది. అఫ్రీన్ గాబరయి సిమ్ము తీసి తన ఫోన్ల ఏసింది, నువ్వు చేస్తవేమో అని. మేమేం ఖరాబ్ చేయలే బేటీ, అల్లా కసమ్."

"మీరేం చేయలేదమ్మా. అది నేనే చేపిచ్చిన" అంది అత్త.

నేను తల దించుకున్నాను. మంచివాళ్లు ఫోను బంద్ పెట్టుకుని కూర్చోరని నిన్న నేనే అన్నాను. ఫోను కనపడగానే ఛార్జింగు పెట్టిన మనిషి మంచిది కాబట్టే మామ గొంతు పోయింది. ఇంకో మనిషయితే, నిజంగా దొంగయితే, పదిరోజులు భయపడి ఆన్ చేసేవాడు కాదేమో.

"గాయన నీ మొగడేనా బేటీ?"

"ఆఁ అమ్మా."

"జర గరం మీదున్నడు. మీ బోలీ మాకు తెల్వదు గని, తిడుతున్నట్టే ఉండె. ఫోన్ పోయిందని కావచ్చు. పదిలంగ ఉన్నదని చెప్పు. నీ తప్పేం లేదు, నా సంచిల పడ్డదని నేనన్ననని చెప్పు."

"చెప్తనమ్మా."

అత్త ఫోను రెండు చేతులతో పట్టుకుంది. కౌంటర్ ముందు ఇద్దరు వచ్చి నిలబడ్డారు, నేను చేత్తో ఆగమని సైగ చేశాను.

"అమ్మా" అంది అత్త. "ఏమన్నడు? ఒక్క మాటన్న యాదికున్నదా?"

అవతల మరియం బీ మనుమరాలిని అడగడం వినిపించింది. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో కాసేపు మాట్లాడుకున్నారు.

"లేదు బేటీ, యాదికి లేదు. మళ్ల చేస్తడు తీయ్, అప్పుడు అడుగు" అంది మరియం బీ.

అత్త ఫోను నా చేతికిచ్చి, అడ్రసు రాసుకోమంది. బస్టాండు వెనక గల్లీ, పచ్చ దర్వాజ అని ఆమె చెబుతూ ఉంది. పెన్ను కోసం సొరుగు లాగితే, మామ గొంతు కోసం కొన్న పెన్‌డ్రైవ్ పైనే ఉంది.